రాజీనామా అంటే రాజీ కాదు

తాండూరు
4 నవంబరు 1957

అన్నకు,

నీ మోకాలి నొప్పి ఎలా ఉందని అడగడానికి ముందే నా కోపం సంగతి చెప్పేస్తాను. ముందు మోకాలి సంగతి ఎత్తుకుంటే కోపం చల్లారిపోతుంది. అది చల్లారడం నాకు ఇష్టం లేదు.

మా బడిలో చిన్న తరగతులకు చెప్పే రాహేలమ్మ నీకు గుర్తుండాలి. కిందటిసారి నువ్వు వచ్చినప్పుడు నీ టోపీ చూసి పోలీసనుకుని లేచి నిలబడింది, ఆమే. మొన్న బాలప్ప సేటు ఆమెను తీసేశాడు. పిల్లలంతా పలకలు పట్టుకుని కూర్చుని ఉండగా, కింది పప్పు మిల్లులోంచి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"అమ్మా, రేపటి సంది రాకు. కడుపు కనవడుతున్నది. ఆడపిల్లలు చూసుడు మంచిగుండదు."

అంతే. రాహేలమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆడపిల్లలు చూడకూడదట! తల్లి కడుపు చూడని పిల్ల మా బడిలో ఒక్కతైనా ఉంటే నేను చెవి కోసుకుంటాను.

నేను ఊరుకోలేదు. మిల్లులోకే దిగి వెళ్ళి, "ముందుగాల ఒక్క మాట చెప్పకుండ గట్లెట్ల తీసేస్తరు సేటు?" అని అడిగాను. సేటు కందులు అరచేతిలో పోసుకుని పొట్టు ఊదుకుంటున్నాడు. "బడి నాది, గడప నాది. పొమ్మన్ననాడు పోవాలె" అన్నాడు. "మరి నేనే పోతనంటె?" అన్నాను. "నువ్వెట్ల పోతవు? మూడు నెలల ముందు చెప్పాలె. పంతులమ్మలు సంతల దొరుకుతరా?" అన్నాడు. సంతలో దొరకని మనిషిని అట్లా గడప అవతలికి ఎందుకు నెట్టాడో మాత్రం చెప్పలేదు.

నువ్వు కచేరీలో పేష్కారువి. ఊరందరి తగాదాలూ జడ్జికి చదివి వినిపిస్తావు. నాకు ఒక్క సంగతి చెప్పు. నౌకరీ వదలాలంటే ఎంత ముందు చెప్పాలి? ముందు చెప్పే బాధ్యత జీతం తీసుకునేవాళ్ళకేనా, ఇచ్చేవాళ్ళకు లేదా? ఈ బడిలో నేను తల ఎత్తుకుని ఉండాలా, తల ఎత్తుకుని పోవాలా అన్నది నీ జవాబును బట్టి తేల్చుకుంటాను.

ఇప్పుడు అడుగుతున్నాను. మోకాలు ఎలా ఉంది?

పద్మ

వికారాబాదు
9 నవంబరు 1957

ముక్కు మీద కోపమున్న మా పద్మకు,

అనంతగిరి మెట్లు ఎక్కనంత కాలం మోకాలు బాగానే ఉంటుంది. కానీ ఇది కార్తీకం. మీ వదిన ఎక్కి తీరాలంటోంది. మొక్కు ఆమెది, మోకాలు నాది.

నీ ప్రశ్నకు వస్తాను. సర్కారు నౌకరీ అయితే ఒక నెల ముందు చెప్పాలి. ప్రైవేటు నౌకరీ అయితే కాగితం మీద ఏం రాసుకుంటే అది. నువ్వేమీ రాసుకోలేదని నాకు తెలుసు. అప్పుడు ఊరి మామూలే చట్టం. మన వైపు మామూలేమిటి? జీతగాడు ఉగాదికి చేరతాడు, ఉగాదికి విడుస్తాడు. నడిమధ్యలో నాగలి వదిలేసి పోయినవాణ్ణి మళ్ళీ ఎవరూ గడప తొక్కనివ్వరు.

"నేను జీతగాడినా?" అని నువ్వు అరుస్తున్నది నాకు ఇక్కడికే వినిపిస్తోంది. కాదు తల్లీ. కానీ పంతులమ్మ అన్నాక పిల్లలుంటారు. వాళ్ళ చదువు నడుమ నువ్వు విసురుగా లేచిపోతే నష్టం సేటుకు కాదు. కోపాన కోసుకున్న ముక్కు శాంతాన అతుక్కోదంటారు. పైగా నీది నాయన ముక్కు. మన ఇంట్లో ఇంకెవరికీ రాలేదు, జాగ్రత్తగా చూసుకో.

బాలప్ప సేటు నాకు తెలియనివాడు కాదు. అతని భూమి తగాదా ఒకటి మా కచేరీలోనే నడుస్తోంది. వాయిదాకు వచ్చినప్పుడల్లా నాకు సలాం చేసి పోతాడు. చెడ్డవాడు కాదు, నోటికి ముందూ వెనకా లేనివాడు. వీలైతే రాజీ చేసుకో. రాజీ పడ్డవాళ్ళెవరూ ఓడిపోయినట్టు కాదని రోజూ కళ్ళారా చూస్తున్నాను.

మీ వదిన దేవమ్మ వంటింట్లోంచి కేక వేస్తోంది. "గా రాహేలమ్మకు ఎన్నో నెల? ఇంట్ల పెద్దోళ్ళు ఎవరన్న ఉన్నరా? గది రాయి ముందు!" నేను న్యాయం గురించి రాస్తుంటే ఆమెకు ఇది కావాలి.

మీ అన్న
అనంతయ్య

తాండూరు
17 నవంబరు 1957

అన్నా,

వదినకు చెప్పు. అయిదో నెల. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. భర్త బండల గనిలో పని, చీకటి పడ్డాక వస్తాడు, ఒళ్ళంతా రాతిపొడి. నేను అద్దెకున్న ఇంటి అలీమాబీ ఉంది కదా, ఆమె పూటపూటా జొన్నరొట్టె కట్టి పంపిస్తోంది. మతం ఏమిటి, కులం ఏమిటి అని ఒక్కసారీ అడగలేదు. ఎన్నో నెల అని మాత్రం వదినలాగే అడిగింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు చెప్పింది నిజమే, పిల్లలున్నారు. విసురుగా లేచిపోవడం నాకూ తప్పనిపించింది. అందుకే బాగా ఆలోచించి నిన్న పొద్దున సేటుకు రాజీనామా ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. నువ్వు చెప్పిన నెల సంగతి కూడా అందులో రాశాను. ధైర్యం చాలక ఊగిసలాడుతున్నదాన్ని, నీ ఉత్తరం చూశాకే చెయ్యి ఆడింది.

మనసు తేలికయింది. అలీమాబీకి చెబితే, "అరే పంతులమ్మా, నోరు తెరువు, మీఠా తిను" అని పిడికెడు చక్కెర నోట్లో పోసింది. రాహేలమ్మ మాత్రం "నా కోసం ఎందుకమ్మ గిదంత?" అని ఏడ్చింది.

కొండ ఎక్కారా? మోకాలు సాగనిచ్చిందా?

పద్మ

వికారాబాదు
29 నవంబరు 1957

మా ఇంటి బంగారానికి,

నీ ఉత్తరం చదివి నేను చేసిన మొదటి పని మీ వదినను పిలిచి "చూశావా, చెల్లె ఎవరి మాట వింటుందో!" అనడం. నువ్వు రాజీనామా ఇస్తావని కలలో కూడా అనుకోలేదు. అదీ నెల గడువు రాయించి మరీ! మంచి వకీలుకు కూడా ఇంత పొందిక రాదు. నాయన ఉంటే మర్పల్లి దాకా చెప్పుకుని వచ్చేవాడు.

నిన్న సేటు వాయిదాకు వచ్చాడు. వరండాలో వకీళ్ళంతా ఉన్నారు. అందరి ముందే వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాను.

"సేటు, మా చెల్లె రాజీనామా ఇచ్చిందట, మస్తు సంతోషమాయె. ఇగ మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఉగాది దాక మీ బడి ఇడిచిపోదు. నేను జబాన్ ఇస్తున్న."

మొదట సేటు తెరిచిన నోరు మూయలేదు. సంతోషం పట్టలేకపోయాడనుకున్నాను. తరువాత నా చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని "గట్లనే కానియ్యి పేష్కారు సాబ్. మీ మాట ఉన్నంక నాకు కాగితమెందుకు?" అన్నాడు. చూశావా, మంచిగా పోతే మనుషులు ఎంత మెత్తబడతారో!

ఉగాది అని ఎందుకన్నానంటే, అది నీకు వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను గానీ సంతోషంలో కలం ఆగడం లేదు. మర్పల్లి నర్సింహులు గారి రెండో కొడుక్కి నిన్ను అడుగుతున్నారు. భూమి ఉంది, బావి ఉంది, పిల్లవాడు బుద్ధిమంతుడు. ఉగాది వెళ్ళాక లగ్గం పెట్టుకుందామన్నారు. సరేనన్నాను.

మోకాలికి ఏమీ కాలేదు. కొండ దిగేటప్పుడు మీ వదిన కాలే బెణికింది.

పట్టరాని సంతోషంతో
మీ అన్న

తాండూరు
3 డిసెంబరు 1957

అనంతయ్య పేష్కారు గారికి,

ఈ ఉత్తరంలో మిమ్మల్ని అన్నా అని పిలవను. నాకు అన్న ఉంటే, రాజీనామా ఇచ్చిన చెల్లెను అదే నౌకరీకి మళ్ళీ కట్టేసి వచ్చేవాడు కాదు.

ఇవాళ పొద్దున సేటు పైకి వచ్చి, పిల్లలందరినీ లేపి నిలబెట్టి, "పంతులమ్మ యాడికి పోదు. వాళ్ళన్న జబాన్ ఇచ్చిండు" అని చెప్పాడు. నా రాజీనామా కాగితం అందరి ముందూ చింపి కిటికీలోంచి వేశాడు. పిల్లలు నా ముఖంలోకి చూశారు. నేను వాళ్ళకు ఈ నెలంతా ఏం చెబుతున్నానో మీకు తెలుసా? ఒక మనిషిని ఒక్క మాట కూడా ముందు చెప్పకుండా పంపేస్తే అది తప్పని చెబుతున్నాను. ఇప్పుడు ఆ నోటితో ఏం చెప్పాలి? మా అన్న నన్ను అడగకుండా అమ్మేశాడని చెప్పనా?

మీకు సంతోషమట! వకీళ్ళ ముందు చెయ్యి పట్టుకోవడమట! నేను పోవడం మీకు ఇష్టం లేకపోతే నాకు రాసి ఉండవలసింది. తిట్టినా పడేదాన్ని. నవ్వుతూ నా కాళ్ళు కట్టేశారు, దాన్ని పడలేను.

ఇక మర్పల్లి సంగతి. నౌకరీ వదలడానికి సేటు నన్ను మూడు నెలలు అడిగాడు. సర్కారు నెల అడుగుతుందన్నారు. పుట్టిన ఇల్లు వదిలి ఇంకో ఇంటికి పోవడానికి ఆడమనిషికి ఎంత ముందు చెప్పాలని మీ కచేరీలో రాసి ఉంది? సరేనన్నాను అని రాశారు. ఎవరి నోటితో అన్నారు?

వదిన కాలికి ఆముదం కాచి పట్టించమనండి.

పద్మావతి, పంతులమ్మ

వికారాబాదు
7 డిసెంబరు 1957

అన్నా అని పిలవని చెల్లెకు,

రాజీనామా అంటే రాజీ కాదా?

నేను ఉర్దూలో చదువుకున్నవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా కచేరీలో చూస్తున్నాను. రెండు పక్షాలూ కూర్చుని, తగాదా మాని, కాగితం మీద రాసి ఇచ్చేదాన్నే రాజీనామా అంటారు. నౌకరీ వదిలితే ఇచ్చేది ఇస్తీఫా. నువ్వు రాజీనామా ఇచ్చానంటే సేటుతో కలిసిపోయావనుకున్నాను, నెల గడువంటే ఇక ముందు ఎవరినైనా నెల ముందు చెప్పే తీసేయాలని అతని చేత రాయించావనుకున్నాను. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. నిన్న మా తెలుగు గుమాస్తాను అడిగితే, పొట్ట పట్టుకుని నవ్వి, పత్రికల్లో మంత్రులు ఇచ్చేది కూడా రాజీనామాయే అన్నాడు. ఈ తెలుగు చదువుల వాళ్ళకు ఒక దండం. ఫిర్యాదు చేసినవాణ్ణి మేము ముద్దయి అంటాం. మీరు ఆ మాటే పట్టుకుపోయి ముద్దాయి అని నేరం చేసినవాడి మెడకు కట్టారు. ఇప్పుడు నా మెడకు ఇది కట్టారు.

నవ్వకు. నాకు నవ్వు రావడం లేదు. పొరపాటు భాషది కావచ్చు, మాట మాత్రం నాదే. వకీళ్ళందరి ముందు ఇచ్చాను. ఈ కచేరీలో అనంతయ్య నోటి మాటకు స్టాంపు అక్కర్లేదని పేరు. ఆ ఒక్క పేరే నేను సంపాదించుకున్నది. ఉగాది ఎంతో దూరం లేదు. నా ముఖం చూసి అప్పటిదాకా ఓపిక పట్టు. తరువాత ఇస్తీఫా ఇస్తావో, రాజీనామా ఇస్తావో, రెండూ కలిపి ఇస్తావో నీ ఇష్టం.

మర్పల్లి సంబంధం మంచిది. అడుగుదామనే అనుకున్నాను. మంచిదాన్ని అడిగేదేముందనుకున్నాను.

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించడం నాదే తప్పు. మూడు రోజులుగా అన్నం పెడుతోంది గానీ, కూర ఏమిటని అడిగితే "చెల్లెను అడిగిండ్రా, నన్ను అడుగుతున్నరు?" అంటోంది. ఇంట్లో కూడా ముద్దాయిని, మీ తెలుగు అర్థంలో.

అనంతయ్య

తాండూరు
11 డిసెంబరు 1957

అన్నా,

మళ్ళీ అన్నా అంటున్నాను. నీ ఉత్తరం చదివి నేనూ అలీమాబీ పడీ పడీ నవ్వాం. ఆమె కూడా నీ పక్షమే. ఆ రోజు చక్కెర పోసింది నేను సేటుతో రాజీ పడ్డాననుకునేనట! రాహేలమ్మను పక్కన పెడితే తాండూరులో, వికారాబాదులో నా రాజీనామా సరిగ్గా అర్థమైనది ఒక్క బాలప్ప సేటుకే. అందుకే నీ ముందు నోరు తెరిచాడు, అందుకే వెంటనే మూసుకున్నాడు.

నవ్వు అయిపోయింది. ఇప్పుడు విను.

ఉగాది దాకా ఉండను. మాట నీది, కాళ్ళు నావి. ఇంకొకరి సొత్తు పెట్టి జామీను పడితే చెల్లుతుందా అని మీ జడ్జిని అడిగి చూడు. నీ పేరు పోతుందని నాకు బాధే, అబద్ధం చెప్పను. కానీ నీ పేరు నిలబెట్టడానికి నేను రోజూ ఆ మెట్లెక్కితే, రాహేలమ్మ సుద్దముక్క పెట్టి పోయిన బల్ల ముందు నిలబడి ఏ ముఖంతో పాఠం చెప్పాలి?

నెల గడువు నేను సేటుకు ఇవ్వలేదు, పిల్లలకు ఇచ్చాను. ఈ నెలలో సాయంత్రాలు ఒక్కొక్క పిల్ల ఇంటికీ వెళ్ళాను. నేను పోతున్నాననీ, ఎందుకు పోతున్నాననీ, ఎక్కడ దొరుకుతాననీ చెప్పాను. అలీమాబీ తన వాకిలి ఇస్తానంది. అక్కడ నేనూ రాహేలమ్మా చెబుతాం. పిల్లల్ని పంపితే పంపుతారు, లేకపోతే లేదు.

సేటు చింపిన కాగితం మళ్ళీ రాసి ఇచ్చాను. ఈసారి పైన రాజీనామా అని, పక్కన ఇస్తీఫా అని, కింద "నేను పోతున్నాను" అని రాశాను. ఏ భాషవాడూ తప్పించుకోలేడు. సేటు చదివి "మీ అన్న మాటకు ఇజ్జత్ లేదా?" అన్నాడు. "మా అన్న మీ బడిల నౌకరు కాదు సేటు. నౌకరు నేను. నా మాట నన్నడుగుండ్రి" అన్నాను.

పదహారున మెట్లు దిగుతున్నాను. నువ్వు కోప్పడినా దిగుతాను.

పద్మ

వికారాబాదు
22 డిసెంబరు 1957

పద్మకు,

నీ మీద చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే పది రోజులు జవాబు రాయలేదు. నిన్న సేటు వాయిదాకు వస్తాడని తెలిసి, వకీళ్ళ ముందు ఏమని క్షమాపణ చెప్పుకోవాలో మాటలు కూర్చుకుని వెళ్ళాను.

సేటు నన్ను చూడగానే వరండా అదిరేలా మొదలుపెట్టాడు. "పంతులమ్మ పోయింది, సరే. పిల్లలు గూడ ఎల్లిపోయిండ్రు పేష్కారు సాబ్! అందరు పోయి గా వాకిట్ల కూసున్నరు. ఒక్కరు గూడ ఒక్క దినం ముందుగాల చెప్పలే. గిది మర్యాదనా?"

నేను క్షమాపణకు నోరు తెరిచాను. అతను ఆగలేదు. "ఆడపిల్లను ఆడపిల్లలెక్క ఉంచుకోవాలె. మీరు జబాన్ ఇస్తరు, ఆమె తొక్కి పోతది. మీ ఇంట్ల మాట ఎవరిది?"

ఏమయిందో తెలియదు. కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది. "మా ఇంట్ల ఎవరి మాట వాళ్ళదే సేటు" అన్నాను. "మా చెల్లె మాట తీస్కపోయి నేను మీకిచ్చిన. నాది కానిది ఇచ్చిన. వాపస్ తీస్కుంటున్న."

"వాపసా? ఎప్పటి సంది?"

"గిప్పటి సంది. మీరు రాహేలమ్మకు ఎంత గడువిచ్చిండ్రో, నేను మీకు గంతే ఇస్తున్న."

వకీళ్ళు నవ్వారు. సేటు నవ్వలేదు. సలాం కూడా చేయకుండా పోయాడు. నా మాటకు స్టాంపు అక్కర్లేదన్న పేరు నిన్నటితో పోయింది. పోతే పోయింది. రాత్రి మీ వదిన కూర పేరు చెప్పింది, వంకాయ.

ఇవాళ పొద్దున బస్సెక్కి మర్పల్లి వెళ్ళి వచ్చాను. నర్సింహులు గారితో, "నేను సరేనన్న గని, మా చెల్లెను ఇంక అడగలే" అన్నాను. ఆయన "ఆడపిల్లను అడుగుడేంది?" అన్నారు. "మాకు గూడ కొత్తనే" అన్నాను. అడిగి చెప్పమన్నారు. అడిగి చెబుతానని వచ్చాను.

దారంతా ఆలోచించాను. నిన్ను పెంచింది నేను. నీకు గౌను కుట్టించినా, బడిలో వేసినా, హాస్టలుకు పంపినా ఎన్నడూ అడగలేదు. అడగడం ఎట్లాగో నాకు తెలియదు. ఎంత ముందు అడగాలో అంతకంటే తెలియదు. అడిగితే నువ్వు కాదంటావేమోనని భయంగా కూడా ఉంది.

మీ అన్న
అనంతయ్య

తాండూరు
26 డిసెంబరు 1957

మా అన్నకు,

వాకిట్లో పిల్లలు పట్టడం లేదు. అలీమాబీ మేకల్ని ఇంటి వెనక్కి తోలి చోటు చేసింది. రాహేలమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని, కడుపు మీద పలక ఆనించుకుని అక్షరాలు దిద్దిస్తోంది. పిల్లలు చూస్తున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న వాళ్ళ పండుగకు ఆమె చేసిన గారెలు తిని అందరం చేతులు కడుక్కోకుండానే లెక్కలు చేశాం. జీతం సంగతి అడగకు. రెండు ఇళ్ళవాళ్ళు జొన్నలు పంపారు, ఒకరు కందిపప్పు పంపారు, అది సేటు మిల్లుదే.

కచేరీ వరండాలో నువ్వన్న మాట అలీమాబీకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మూడోసారి నేను చదవలేకపోయాను, కళ్ళు మసకబారాయి.

మర్పల్లి సంగతి రాశావు, భయం సంగతి రాశావు. ఉత్తరమంతా వెతికాను. అడిగిన వాక్యం మాత్రం అందులో లేదు.

అడుగు అన్నా. నేను వద్దనే అంటాను. అయినా అడుగు.

పద్మ